యానాం చౌకీ దగ్గర అక్క పెట్టె

మా అక్కను యానాం ఇచ్చారు, నన్ను రాజమహేంద్రవరం ఇచ్చారు. తాళ్ళరేవులో కొట్టు నడుపుకునే మా నాన్నగారికి మేమిద్దరమే సంతానం. పైకి చూస్తే నా సంబంధమే గొప్పది. కాని యానాం ఫరాసువాళ్ళ, అంటే ఫ్రెంచి దొరల ఊరు. మా ఊరినుంచి పొద్దున బండి కడితే ఎండెక్కకముందే చేరిపోయేంత దగ్గర, అయినా వేరే రాజ్యం. అక్క పుట్టింటికి వచ్చిందంటే ఓడమీద దిగిన వస్తువేదో వెంట వచ్చేది. ఒకసారి పింగాణీ గిన్నెలు, ఒకసారి పూలవాసన వేసే సబ్బు, ఒకసారి నిలువెత్తు అద్దం. నేను తెచ్చిన చీరను అమ్మ "బాగుందే" అని మడతపెట్టి లోపల దాచేది. సబ్బును మాత్రం వీధిలో ఆడవాళ్ళందరికీ వాసన చూపించేది. నాకు కుళ్ళుగా ఉండేది.

నా తొలికాన్పు పుట్టింట్లో జరిగింది. కొడుకు. అన్నప్రాశన కూడా చేసి పంపిస్తామని నాన్నగారు మా అత్తవారిని ఒప్పించారు. ఆ నెలలన్నీ అమ్మ నా చుట్టూనే తిరిగింది. ఆ ఇంట్లో మొదటిసారి నేనే ముఖ్యమైనదాన్ననిపించింది. ముహూర్తం పెట్టుకోగానే అమ్మ అన్న మొదటి మాట, "అక్కని నువ్వే వెళ్ళి తీసుకురావే. నీ చేత్తో బొట్టు పెట్టి పిలిస్తే పొంగిపోతుంది."

పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గూడుబండిలో వెళ్ళాను. అక్క అప్పటికే పెట్టె సర్దుకుని ఉంది. బావగారు మర్నాడు వస్తానన్నారు.

యానాం దాటగానే ఇంగ్లీషువాళ్ళ సుంకం చౌకీ ఉండేది. బట్టలు, గాజుసామాను లాంటివాటికి సుంకం కట్టి తెచ్చుకోవచ్చు. ఉప్పు, నల్లమందు, సారా, తుపాకిమందు మాత్రం రానివ్వరు. పెళ్ళికని కొనుక్కొచ్చిన బాణసంచా బుట్టలు కూడా అక్కడే ఆగిపోయేవి. పాత జమేదారు అక్కను చూసి పెట్టె తెరిపించేవాడు కాదు. ఆ రోజు కొత్తవాడున్నాడు. పెట్టె దింపించి ఒక్కొక్కటే తీయసాగాడు. పైనే మా వాడికోసం తెచ్చిన అల్లికల టోపీ ఉంది. నేను కుట్టిన టోపీ ఇక ఎవరూ చూడరని అప్పుడే అర్థమైంది. అడుగున చీరలో చుట్టిన సీసా బయటపడింది.

"ఏంటండి ఇది?"

"మందండి," అంది అక్క.

అతను మూత తీసి వాసన చూశాడు. "ఇది బ్రాందీ అండి."

"అదేనండి. మా చెల్లెలు బాలింత. నీరసానికి డాక్టరు దొర పట్టమన్నారు," అంటూ నన్ను చూపించింది.

ఆరు నెలలు అమ్మ చేతి వంట తిని నేను గుమ్మడికాయలా ఉన్నాను. జమేదారు నన్ను ఎగాదిగా చూసి నవ్వాపుకున్నాడు.

"చీటీ లేనిదే మందైనా వదలకూడదండి. ఆడవాళ్ళు కనక కేసు రాయను," అని సీసా బోర్లించాడు. ఆ వాసనకు ఎద్దులు మెడలు విదిల్చాయి.

బండి కదిలాక నేను విరుచుకుపడ్డాను. "నా పేరెందుకు చెప్పావే? మన ఇళ్ళల్లో అది ముట్టుకుంటారా? ఊళ్ళో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"అది మీ బావగారికి," అంది నెమ్మదిగా. "పొద్దుగూకేసరికి పడకపోతే ఆయన మనిషి కారు. మన ఇంట్లో పదిమంది ముందు గొడవ చేస్తారని భయమేసి తెచ్చాను. అమ్మకి చెప్పకు."

నాకు జాలి వేసింది, కొంచెం. కాని ఇంటిముందు బండి దిగుతూనే అది కిలకిలా నవ్వుతూ అమ్మను వాటేసుకుంటే, ఇంత బాధ దాచుకుని అలా నవ్వగలగడం కూడా దానికే చేతనైందని మళ్ళీ కుళ్ళుకున్నాను.

అది భయపడినట్టే అయింది. బావగారు వచ్చిన సాయంత్రమే సీసా లేదని తెలిసి మొహం మాడ్చుకున్నారు. మర్నాడు అన్నప్రాశన పీటల దగ్గర బంధువులందరూ వినేలా అక్కను కేకలేసి వెళ్ళిపోయారు. అక్క కూలబడి ఏడ్చింది. అమ్మ, పిన్నులు, చుట్టుపక్కలవాళ్ళు, అందరూ దాని చుట్టూ చేరారు. మా వాడి నోట్లో పాయసం పెట్టే వేళకు మా ఆయన, పురోహితుడు తప్ప నా పక్కన ఎవరూ లేరు. ఏడుపులో కూడా అది నన్ను మించిపోయింది.

తర్వాత పిల్లవాడికి జ్వరం తగిలి నా అత్తవారింటి ప్రయాణం వాయిదా పడింది. ఆలోగా బావగారు అక్కను తీసుకెళ్ళడానికి పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చారు. అక్క తలుపు వెనకనుంచి మాట్లాడింది.

"నేను యానాం రానండి. చౌకీకి ఇవతల ఇల్లు తీసుకుంటే కాపురం చేస్తాను."

"వ్యాపారం అక్కడుంటే కాపురం ఇక్కడేంటి?" అన్నారు బావగారు.

"పగలు వెళ్ళి చూసుకోండి. సాయంత్రం చౌకీ దాటి రండి. ఆ జమేదారు వెతికి మరీ పంపిస్తాడు."

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. బావగారు కోపంగా వెళ్ళినా, వానలు తగ్గకముందే మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. పూర్తిగా మానలేదు. కొన్నాళ్ళు అక్కడే పుచ్చుకుని వచ్చేవారట. కాని సీసా ఇంటికి రాలేదు, పోనుపోను అలవాటూ తగ్గింది.

అలా అక్కకు పుట్టిల్లు నాలుగడుగుల దూరమైంది. అమ్మ రోజూ ఏదో ఒకటి వండి పంపేది. నేను మాత్రం మూటలు కట్టుకుని కాలవ పడవెక్కాను. అక్క పిల్లవాణ్ణి నాకు అందిస్తూ, "నీకేమే, పెద్ద ఊరు, నెమ్మదస్తుడైన మొగుడు. నిన్ను చూస్తే నాకెప్పుడూ కుళ్ళే," అంది.

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. పడవ వంపు తిరగకముందే గట్టుమీద అమ్మా అక్కా కబుర్లాడుకుంటూ ఇంటిదారి పట్టారు.