ముఠా వాటా

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. వాళ్ళ హమాలీ ముఠాలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం చర్చి అయ్యాక అందరూ కలిసి మాంసం వండుకుని సమానంగా పంచుకుంటారు. మంచాన పడ్డవాడికీ వాటా వెళ్తుంది. వద్దన్నాడంటే ముఠాలోంచి తప్పుకున్నట్టే. ఆ చోటికి ఇంకొకరిని తీసుకుంటారు.

పోయిన ఏడు నాన్నకు గుండె బలహీనపడింది. "తిన్నది అరిగించుకోడానిక్కూడా ఒంట్లో ఓపిక ఖర్చవుతుందమ్మా. అన్నానికి కొంత, మాంసానికి ఇంకా ఎక్కువ. కడుపు నిండా తింటే ఆ భారమంతా గుండె మీదే. కొద్దికొద్దిగా జావ, మెత్తటి అన్నం పెట్టండి" అని డాక్టరు గారు చెప్పారు.

ఆ మాటే నాన్నకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"జావ నాలుగు బస్తాలు ఎత్తేలోపే అరిగిపోద్ది. అదేం తిండే? పొట్టక్కూడా బరువేస్తేనే మాట వింటది."

తెల్లారింది మొదలు బరువులెత్తిన మనిషికి కడుపులో నిలిచేదే తిండి. ఆయన లెక్క ఆయనకు తప్పు కాదు. ఆ లెక్క ఇక తన ఒంటికి సరిపోదని ఆయనకు చెప్పడమే నా వల్ల కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముఠా మేస్త్రీ క్యారేజీ పట్టుకుని వచ్చేవాడు. "నీ వాటా, బావా" అనేవాడు. నాన్న లేచి కూర్చుని, ఆయన చూస్తుండగానే ముక్క మిగల్చకుండా తినేవాడు. మేస్త్రీ వెళ్ళాక మొదలయ్యేది. చెమటలు, ఆయాసం. గోడకానుకుని పొద్దు వాలేదాకా అలాగే ఉండేవాడు. వీపు నిమరడం తప్ప నేను చేసేదేమీ లేదు. ఆ క్యారేజీని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి వీధిలోనే మేస్త్రీని ఆపాను. "మాంసం తేవద్దు మావయ్యా. కావాలంటే రెండు పళ్ళు పట్టుకురా."

ఆయన తల దించుకున్నాడు. "పళ్ళు పరాయోళ్ళకి తీసుకెళ్తారమ్మా" అన్నాడు.

పోనీ, ముక్కలు చిదిపి, గుజ్జు చేసి అన్నంలో కలిపాను. నాన్న కంచం పక్కకు నెట్టాడు. "పసిపిల్లోడికి పెట్టినట్టు పెట్టమాక."

ఎండలు ముదిరాక ఆయనకు జావ కూడా బరువైంది. రెండు గుక్కలకే అలిసిపోయేవాడు. ఆ ఆదివారం మేస్త్రీ వచ్చే వేళకు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా వాటా ఇంక పంపొద్దని చెప్పు, తల్లీ."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్న మాట అదే. గుమ్మంలో మేస్త్రీ చెప్పులు విడుస్తున్నాడు. నేను గబగబా ఎదురెళ్ళి, రెండు చేతులా క్యారేజీ అందుకున్నాను.