పల్నాటి ఎండలో పాచి

పల్నాటి ఎండలో పాచి పట్టించడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. మా ఆయన సాధించారు.

అంతకుముందు మా దొడ్లో నీళ్ళు పోసుకునే చోటంటే నాలుగు పక్కలా నిలబెట్టిన నాపరాళ్ళు, పైన ఆకాశం. చెంబు కింద పెట్టేలోపే గచ్చు ఆరిపోయేది. మా అత్తగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెలుగూ నీడా తెలిసేవి. ఆ వెలుతుర్ని బట్టి నీళ్ళ కాగు ఎక్కడుందో, గుమ్మం ఎటుందో కనిపెట్టి తన స్నానం తనే చేసేది. ఇంట్లో ఆమెకి మిగిలిన సొంత పని అదొక్కటే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు మా ఆయన కోర్టు వాయిదాకి గుంటూరు వెళ్ళి, ప్లీడరుగారింట్లో కప్పున్న స్నానాలగది చూసొచ్చారు. వాయిదా ఏమైందో మాకు చెప్పనేలేదు. వారం తిరక్కుండానే గోడలు లేపి, పైన నాపరాళ్ళు కప్పించి, సున్నం కొట్టించి, తలుపు పెట్టించారు.

"బాబాయ్, గాలాడాలంటే పైన రెండు కంతలన్నా వదులుదామా?" అన్నాడు మేస్త్రీ.

"ఆడోళ్ళు నీళ్ళు పోసుకునే చోట కంతలేందిరా!" అని మండిపడ్డారు.

మా పరువు భద్రంగా లోపల ఉండిపోయింది, తేమతో సహా.

నెల తిరిగేసరికి గోడల మూలల్లో నల్లటి బూజు, నేలంతా పాచి. సున్నంలో మైలుతుత్తం కలిపి మళ్ళీ కొట్టించారు. బూజు పదిహేను రోజులు ఆలోచించుకుని తిరిగొచ్చింది. సున్నమే నాసిరకమని తేల్చి, నరసరావుపేట నుంచి పచ్చ రంగు డబ్బా తెచ్చి, తడిగోడ మీదే దగ్గరుండి పూయించారు. ఊళ్ళో వాళ్ళని పిలిచి చూపిస్తే ముక్కు మూసుకుని మెచ్చుకున్నారు. అదీ పొక్కులు లేచాక నేరం నా మీదికొచ్చింది. నేను నీళ్ళు మరీ ఎక్కువ పోసుకుంటున్నానట. స్నానాలగదిలో నీళ్ళు వాడే దురలవాటు నాదే మరి.

ఆ చీకట్లో మా అత్తగారికి ఏమీ తెలిసేది కాదు. ఒకసారి పాచి మీద జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆనాటి నుంచి నేనే నీళ్ళు పోసేదాన్ని. మొహం గోడవైపు తిప్పుకుని, ముడుచుకుని కూర్చునేది. అంత గట్టి మనిషి అలా కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు ఆయన ఇంకో డబ్బా తెచ్చారు. మూత తీయగానే వాసన తగిలి ఆమె అరుగు మీంచి అంది:

"ఒరేయ్, నువ్వెన్ని రంగులేసినా నాకు కనపడి చస్తయ్యా? నా ఎండ నాకియ్యరా. కోడలు నీళ్ళు పోస్తంటే సిగ్గుతో చస్తన్నా."

ఆయన డబ్బాకి మూత పెట్టేశారు. ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిపించి కప్పు తీయించారు.

నాలుగు రోజుల్లో పాచి ఎండి పెళ్ళలుగా లేచింది. ఐదో రోజు ఆమె చెంబు తీసుకుని ఒక్కతే లోపలికెళ్ళి తలుపు ఓరగా వేసుకుంది. పడిపోతుందేమోనని ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు, ఆయన వెనక నేను.

"ఎవర్రా తలుపుకాడ? నీడ పడతంది, పోండి!" అంది లోపల్నుంచి.

ఇద్దరం గబుక్కున పక్కకి తప్పుకున్నాం. పెళ్ళినాడు కూడా నాకంత సంతోషం కలగలేదు.