ఖాళీ బండి తూకం

కాటా సార్ పోయారన్న కబురు మొన్న మంగళవారం ఆర్మూర్ బస్టాండులో ఉండగా తెలిసింది. ఫోన్ చేసినవాడు మా గల్లీ వాడే, అబద్ధం చెప్పే మనిషి కాదు. అయినా నేను నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి అడిగాను. ఇద్దరూ అదే చెప్పాక నిజామాబాద్ బస్సెక్కాను. ఒక కాటా చెప్పింది రెండో కాటా మీద చూసుకోమని నాకు నేర్పింది ఆయనే.

ఆయన బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు చెరుకు బండ్లు తూచారు. ఆ కొలువు పోయాక నిజామాబాద్‌లో ఒక మెట్ల కింది గదిలో కంప్యూటర్లు అమర్చే దుకాణం పెట్టారు. బోర్డు మీద ఏదో ఇంగ్లిషు పేరు ఉండేది. అందరికీ అది కాటా సార్ దుకాణమే.

నిండు బండిని ఒకసారి తూచి, చెరుకు దించాక అదే బండిని ఖాళీగా తూచి, తేడాను చెరుకు బరువుగా రాస్తారు. తేడా ఎక్కువ రావాలని, ఖాళీ తూకానికి తేలికైన వేరే బండి తోలుకొచ్చేవాళ్లు కొందరు ఉండేవారట. అందుకని నిండు బండి కాటా దిగగానే ఆయన చక్రం మీద రెండు నీలం గీతలు గీసేవారు. ఆ గీతలు ఉన్న బండినే ఖాళీగా తూచేవారు. తూచాక తడిగుడ్డతో తుడిచేసేవారు.

"గీతలు గీస్తే రైతులకు కోపం రాదా సార్?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు? ఆల్లు మాత్రం నన్ను నమ్మిండ్రా? బయట కాటా మీద తూపిచ్చుకోని, చీటి జేబుల వెట్టుకోని వస్తుండిరి. ఇద్దరికీ షక్ ఉంటేనే, ఒకలి మీద ఒకలికి అనుమానం ఉంటేనే తూకం బరాబర్ ఉంటది తమ్మి."

నాకు ఆయనతో పని పడింది ఏడేళ్ల కిందట, రెండువేల మూడులో. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. కమ్మర్‌పల్లి నుంచి ఒక గల్ఫ్ ఆసామి ఇల్లు కట్టించాలని వచ్చాడు. కాగితం మీద గీసింది అతనికి ఆనలేదు.

"ఆర్మూర్ల కంప్యూటర్ మీద ఇల్లును సుట్టూ తిప్పి సూపెడుతున్నరంట. నువ్వు సూపెడతవా అన్నా? శుక్రవారం నా ఫ్లైటు," అన్నాడు.

చూపిస్తానన్నాను. కానీ నా కంప్యూటర్లో ఇల్లు తిరిగేది కాదు, కుంటేది. ఆ పని చేజారితే మళ్లీ పెద్ద ఇంజనీర్ల దగ్గర వాళ్ల ప్లాన్లకు నకళ్లు గీసుకుంటూ కూర్చోవాలి. బుధవారం పొద్దున్నే కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని కాటా సార్ దగ్గరికి పోయాను.

తెర మీది బొమ్మను చకచకా కదిలించే గ్రాఫిక్ కార్డులు రెండు ఆయన బల్ల మీద పెట్టారు. ఒకటి మెరిసే డబ్బాలో ఉంది. దాని మీద పళ్లికిలించిన రాక్షసుడి బొమ్మ, అరవై నాలుగు ఎంబీ అని పెద్ద అక్షరాలు. అలాంటి డబ్బాలు ఆయన బీరువాలో ఇంకా ఐదారు ఉన్నాయి. రెండోదానికి డబ్బానే లేదు. వెండిరంగు కవర్లో ఉంది. ముప్పై రెండు ఎంబీ. ధర మాత్రం దాదాపు సమానం.

"ఇది తీస్కో," అని కవర్లోదాన్ని జరిపారు.

"ఇది సగమే కదా సార్?"

"సగమని ఎవరు జెప్పిండ్రు? డబ్బా జెప్పింది. చిప్పు రెండిట్ల ఒక్కటే. మెమరీ అంటే గోదాం అనుకో. డబ్బాలదానికి గోదాం పెద్దది, గేటు సిన్నది. అరవై నాలుగు బిట్లే. బండ్లన్ని గేటుకాడ లైన్ గడతయ్. దీని గోదాం సగమే గానీ గేటు నూట ఇరవై ఎనిమిది. గోదాం సంగతి డబ్బా మీద రాస్తరు. గేటు సంగతి ఎవడు రాస్తడు?"

"మరి దీనికి డబ్బా ఏది?"

"డబ్బాను దిప్పుతవా, ఇల్లును దిప్పుతవా?"

అమ్ముడుపోని సరుకు నాకు అంటగడుతున్నాడనుకున్నాను. ఆయన నా మొహం చూశారు. "షక్ వడ్డది గద. మంచిదే. తూద్దాం," అన్నారు.

ముందు ఏ కార్డూ పెట్టలేదు. మదర్‌బోర్డు మీది చిప్పుతోనే నా ఇంటిని ఒక చుట్టు తిప్పమన్నారు. "ఖాళీ బండి ఎంత తూగుతదో ఎరుకలేకుంట నిండు బండి తూస్తె ఏం తెలుస్తది?" గడియారం నన్నే చూడమన్నారు. తొంభై సెకన్లు. డబ్బాలోని కార్డుతో యాభై. డబ్బా లేనిదానితో ముప్పై ఒకటి. రెండోసారి తిప్పినా అంతే వచ్చింది.

తరువాత గోడలకు, గచ్చుకు టైల్స్ ఫొటోలు ఎక్కువగా అతికించమన్నారు. ఈసారి రెండింటి మధ్య తేడా బాగా తగ్గిపోయింది.

"సూసినవా? ఫొటోలు బాగా వెడితే దీనికి గోదాం సాలదు. అది గూడ రాస్కో. రేపు నన్ను తిట్టద్దు."

తన సరుకు లోపం తానే చెప్పే దుకాణదారును నేను అంతకుముందు చూడలేదు. అది కూడా ఒక ఎత్తేనేమో అనిపించింది. డబ్బా లేనిదే కొంటానని చెప్పి, చూడటానికని ఆ కార్డును చేతిలోకి తీసుకుని, ఆయన స్క్రూలు వెతుకుతుండగా వెనకవైపు మూలలో నా డ్రాయింగ్ పెన్నుతో ఎర్ర చుక్క పెట్టాను. ఆయన కార్డు తీసుకుని, "బ్రష్‌తోని దులుపుకొస్త," అంటూ పరదా వెనక్కి పోయారు. దులపడానికి బ్రష్ బల్ల మీదే ఉంది. రెండు నిమిషాల తరువాత వచ్చి, నాకు వీపు అడ్డంగా పెట్టి కార్డు బిగించి మూత వేసేశారు.

మార్చేశాడనే అనుకున్నాను. ఇంటికి వచ్చి మూత తీసి, టార్చి వేసి చూశాను. ఎర్ర చుక్క ఉంది. కార్డు కదిలించకుండానే మూత వేశాను. శుక్రవారం పొద్దున ఆ ఆసామి తన ఇల్లు మూడుసార్లు తిప్పించుకుని చూసి, పని నాకు ఇచ్చి ఎయిర్‌పోర్టుకు పోయాడు. ఇవాళ కమ్మర్‌పల్లి, ఏర్గట్ల వైపు నేను గీసిన ఇళ్లు ముప్పైకి పైనే ఉన్నాయి.

ఆ తరువాత ఎప్పుడు కలిసినా కాటా సార్ ఒక మాట అడిగేవారు. "మూత తీసి సూసినవా?"

"లేదు సార్."

"ఊ," అనేవారు. నమ్మినట్టు కనపడేవారు కాదు. ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. పరదా వెనక రెండు నిమిషాలు ఏం చేశారో నేనూ అడగలేదు. అడిగితే నా చుక్క సంగతి చెప్పాల్సి వస్తుంది.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. "నీ ముచ్చట జెప్తుండె బిడ్డా. నా లెక్కనే షక్ మనిషి అంటుండె. నన్ను మాత్రం నమ్మిండా? చాయ్‌ల చక్కెర నేనేస్తే, మల్ల చెంచతోని నాకి సూస్తుండె," అంది. చెబుతూనే నాకు చాయ్ పోసింది.

ఇంటికొచ్చి అటక మీది పాత కంప్యూటర్ దించాను. దుమ్ము తుడవడానికి గుడ్డ తడిపి పక్కన పెట్టుకుని, ఏడేళ్లలో మొదటిసారి ఆ కార్డును స్లాట్‌లోంచి బయటికి లాగాను. వెనకవైపు మూలలో నా ఎర్ర చుక్క వెలిసిపోయి ఉంది. కార్డు తిప్పాను. కిందివైపు, ఫ్యాన్ పక్కన, రెండు నీలం గీతలు.

చెడిపోయిందని చెప్పి నేను వేరే కార్డు పట్టుకొస్తానేమోనని ఆయన అనుమానం. నా కార్డు చెడిపోలేదు, ఆ బండి ఆయన కాటా మీదికి తిరిగి పోలేదు. తుడిచే పని ఆయనకు పడలేదు.

తడిగుడ్డతో ఫ్యాన్ చుట్టూ దుమ్ము తుడిచాను. గీతల దాకా వచ్చి ఆపాను.