మా జపాన్ కారులో ఆరని దీపం

ఆ రోజుల్లో నాకు జీతం ఇచ్చేది ఇతరుల తప్పులు వెతికినందుకు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయని లోకమంతా కంగారు పడుతున్న కాలం అది. ఏడాదిని రెండంకెల్లో రాసిపెట్టిన పాత ప్రోగ్రాములన్నీ తెరిచి, నాలుగంకెలకు మార్చే పనికి మా కంపెనీలో పన్నెండు మందికి నేను లీడర్ని. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో మా ఆఫీసు. కిటికీలోంచి చూస్తే బండరాళ్లు, ఆ రాళ్ల మధ్య మేకలు. ఏ ప్రోగ్రాం చెడినా మా జట్టు పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చివరిసారి దాన్ని ముట్టుకున్నదెవరు?" ఆ ప్రశ్న అడిగేటప్పుడు కళ్లజోడు కొంచెం కిందికి జార్చేవాణ్ణి. అలా జారిస్తే పెద్దవాడిలా కనిపిస్తానని నా నమ్మకం.

ఆ పెద్దరికానికి తగ్గ కారు కూడా ఉండాలనిపించింది. సింగపూర్ నుంచి తిరిగొచ్చిన ఒక డాక్టరుగారు తనతో తెచ్చుకున్న జపాన్ కారును అమ్ముతున్నారని తెలిసింది. అప్పటికే దాని వయసు ఎనిమిదేళ్లు. తోలు సీట్లు, గేర్లు వాటంతటవే మారడం, తలుపు వేస్తే బీరువా మూసినట్టు నిండుగా వచ్చే చప్పుడు. ఆ చప్పుడు విన్నాక నేనింకేమీ చూడలేదు. మా ఆవిడ మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "మనిద్దరికీ ఇంత కారెందుకండి?" అంది. ఆమె పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఆమె భద్రత కోసమేనని చెప్పాను. ఆమె రోజూ ఆసుపత్రి బస్సులో వెళ్లి వస్తుందన్న సంగతి ఆ క్షణాన ఇద్దరికీ గుర్తుంది కానీ, ఆమె మర్యాదస్తురాలు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా ఫ్లాటు. ఆదివారం పొద్దున ఆమెను చర్చి దగ్గర దించేసి, ఆఫీసు పని ఉందని చెప్పి నేను ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమె పాటల బృందంలో పాడేది, కనుక రెండు గంటలు ఖాయంగా అక్కడే. ఆ రెండు గంటలూ నేను కారు కడిగేవాణ్ణి. పైపు, బకెట్టు, షాంపూ సీసా. పైపైన కడిగితే చూసేవాళ్లుండరు కాబట్టి బానెట్ కూడా ఎత్తి పెట్టేవాణ్ణి. బానెట్ ఎత్తితే మాత్రం పక్క బ్లాకు వాళ్లు పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకునే ఆగి చూసేవారు. "ఇంజిన్ ఎంత ఉందండీ," అనేవారు. ఆ మాటకు నేను పైపు లోపలికి తిప్పి, ఇంజిన్‌ను కూడా నురగ వచ్చేలా కడిగి, మెరిపించి చూపించేవాణ్ణి. ఆరాధన ముగిసి జనం బయటికి వచ్చే సమయానికి తళతళలాడే కారుతో చర్చి గేటు ముందు ఉండేవాణ్ణి.

కారు వచ్చిన నెల తిరక్కుండానే ఒక సోమవారం స్టీరింగు వెనక మీటర్ల అద్దంలో చిన్న దీపం వెలిగింది. ఇంజిన్ బొమ్మ ఆకారంలో, ముదురు పసుపు రంగులో. బుధవారానికల్లా ఆరిపోయింది. మళ్లీ సోమవారం వెలిగింది. వానాకాలం వచ్చేసరికి ఇక ఆరడం మానేసింది. దానితోపాటు కారులో పెట్రోలు వాసన, పొగ గొట్టంలో మసి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే దగ్గు.

ముందు బంజారా హిల్స్ వైపు అద్దాల గోడలున్న ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. వాళ్లు ప్లగ్గులు మార్చారు, ఫిల్టర్లు మార్చారు, బ్యాటరీ తీసి పెట్టారు. బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ దీపం రెండు రోజులు ఆరేది, మళ్లీ వెలిగేది. వాళ్ల తప్పు కూడా పూర్తిగా లేదు. వాళ్లు పని చేస్తుంటే నేను పక్కన నిలబడి సిద్ధాంతాలు చెప్పేవాణ్ణి. కోఠిలో పాత పుస్తకాల కొట్టులో జపాన్ ఇంజిన్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని రోజూ భోజనం దగ్గర పెట్టుకుని చదివాను. అది లారీ ఇంజిన్ల పుస్తకమని రెండువందల పేజీల తర్వాత తెలిసింది. అప్పటికే అందులోంచి నేర్చుకున్న సిద్ధాంతాలు మూడు నాలుగింటిని వర్క్‌షాపు వాళ్ల మీద ప్రయోగించి ఉన్నాను.

అది కుదరక నా సొంత విద్యకు వచ్చాను. ఒక నోటుబుక్కులో రోజూ రాసేవాణ్ణి: దీపం ఎప్పుడు వెలిగింది, ఏ బంకులో పెట్రోలు, ఏసీ ఉందా లేదా, ఎండ ఎంత, కారులో ఎంతమంది, టేప్‌రికార్డరు మోగుతోందా. ఆఫీసు కంప్యూటర్లో అవన్నీ ఎక్కించి రంగుల గీతలు గీయించాను. మా పిల్లల్లో ఒకమ్మాయి అది చూసి ఏ క్లయింటుదని అడిగితే, రహస్యమైన ప్రాజెక్టు అని చెప్పాను. గీతల్లో తేలిందల్లా ఒకటే, మొదటి రోజుల్లో దీపానికి సోమవారాలంటే ఇష్టమని. ఆదివారం పైపు పట్టే పనికి నా పట్టికలో గడి లేదు. అది నాకు పని అనిపించలేదు, వైభవం అనిపించింది.

చివరికి ఆ దీపం మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాను. ఆ సాయంత్రం కారెక్కిన మా ఆవిడ టేపు ముక్క చూసి, నా వైపు చూసింది.

"జ్వరం తగ్గకపోతే థర్మామీటరు దాచేస్తామా అండి?" అంది.

కాసేపయ్యాక, నన్ను రోగి బంధువుగా భావించి కాబోలు, ఇది ఎప్పటినుంచి ఉంది, ఏం చేశాక ఎక్కువవుతోంది అని ఓపిగ్గా అడిగింది. వార్డులో మందుకన్నా ముందు అడిగేవి అవేనట. కార్లు వేరు, మనుషులు వేరు అని నేను ఆ సంభాషణ అక్కడే ముగించాను.

దసరా ముందు మా విదేశీ క్లయింటు కంపెనీ నుంచి ఒక పెద్దావిడ మా పని చూడడానికి వచ్చారు. బేగంపేట విమానాశ్రయం నుంచి ఆమెను తీసుకురావడానికి ఆఫీసు ఒక కారు మాట్లాడింది. అది వద్దని, నా కారుందని మా మేనేజరుకు చెప్పాను. ఎవరూ నన్ను అడగలేదు. పొద్దున బయలుదేరే ముందు ఆ టేపు ముక్క అసహ్యంగా ఉందనిపించి పీకేశాను.

ఆమె జుట్టు పూర్తిగా తెల్లబడినావిడ. ముందు సీట్లోనే కూర్చుంటానన్నారు. పంజగుట్ట దాటేదాకా నగరం గురించి చెబుతూనే ఉన్నాను. అప్పుడు ఆమె వేలుతో చూపించి, ఆ పసుపు దీపం ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. ఇంజిన్ చక్కగా నడుస్తోందని చెప్పే దీపం అన్నాను. ఆ అబద్ధం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆమె తల ఊపారు.

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటి మాదాపూర్ వైపు దిగుతుండగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎలాగో పక్కకు తీశాను. అటు బండరాళ్లు, ఇటు బండరాళ్లు. తాళం తిప్పాను, మళ్లీ తిప్పాను. లోపల పెట్రోలు వాసన నిండిపోయింది. ఆమె చాలా మామూలుగా అడిగారు: ఇంజిన్ ఆగిపోయింది కదా, మరి అది నడుస్తోందని చెప్పే దీపం ఇంకా వెలుగుతోందే?

నిజమే. తాళం తిప్పి ఉన్నంతసేపూ అది హాయిగా వెలుగుతూనే ఉంది. నా మొహం చూసి ఆమె నవ్వు ఆపుకున్నారు. అంత మర్యాదగా నన్ను చూసి నవ్వు ఆపుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

అటుగా వస్తున్న ఆటోను ఆపాను. ఆమె ఎంతో సంబరంగా ఎక్కారు. వంగి ఎక్కడం ఎలాగో ఆటో అతను చూపించాడు. ఆఫీసు గుమ్మం ముందు మా మేనేజరు పూలగుత్తితో, ఇద్దరు ఫొటో తీసేవాళ్లతో నా కారు కోసం ఎదురుచూస్తుంటే, వాళ్ల పక్కనుంచే ఆటో వచ్చి ఆగిందట. ఎవరూ పట్టించుకోలేదట. ఆమే దిగి వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లి పూలగుత్తి అడిగి తీసుకున్నారట. ఇవన్నీ నాకు మూడు గంటల తర్వాత తెలిశాయి. ఆ మూడు గంటలూ, కారు మళ్లీ స్టార్ట్ అయ్యేదాకా, నేను రాయి నీడన కూర్చుని ఉన్నాను.

ఇంటికి వచ్చి జరిగినదంతా మా ఆవిడకు చెప్పాను, అబద్ధంతో సహా. ఆమె నవ్వలేదు. తన వార్డులో మూత్రపిండంలో రాయికి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దవయసు మెకానిక్ ఈమధ్యే ఇంటికి వెళ్లాడని, ఆయన చాలా ఏళ్లు దుబాయిలో జపాన్ కార్ల దగ్గరే పనిచేశాడని చెప్పింది. మూసాపేటలో ఆయన రేకుల షెడ్డు. శనివారం ఆమెకు సెలవు. ఆ రోజు నాతోపాటు తనూ వచ్చింది.

తెల్లటి గడ్డం, నూనె మరకల చొక్కా. మా ఆవిడను చూడగానే ఆయన లేచి నిలబడి, "రండ్రి సిస్టరమ్మా, మీరిచ్చిన గోళీలు మానలే నేను," అన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నేను నోటుబుక్కు తీశాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, తెరవకుండా పక్కన పెట్టాడు.

బానెట్ ఎత్తి, ఒక మూల ఉన్న చిన్న పెట్టె మూత తీసి, అందులో రెండు పిన్నులను ఒక వైరు ముక్కతో కలిపాడు. తాళం తిప్పమన్నాడు. దీపం మిణుకుమంది. రెండుసార్లు వెలిగి ఆగింది, మళ్లీ రెండుసార్లు. అదే వరస మళ్లీ మళ్లీ.

"బండి చెప్తున్నది సార్. రెండు, రెండు. ఇరవై రెండు నంబరంటే నీళ్ల వేడి చూసే సెన్సారు," అన్నాడు.

నాలుగు నెలలుగా ఆ దీపం మాట్లాడగలదని, అడిగే పద్ధతిలో అడిగితే చాలని నాకు తెలియలేదు. ఆయన ఇంజిన్ ముందు భాగంలో చెయ్యి పెట్టి ఒక తీగ కొసను ఊడదీశాడు. లోపలి ఇత్తడి ముక్కలు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. ఇంజిన్ ఎంత వేడెక్కినా, ఇంకా చల్లగానే ఉందని కారులోని కంప్యూటరుకు కబురు పోతోందని, అది పాపం పెట్రోలు పోస్తూనే ఉందని ఆయన వివరించాడు. తర్వాత వేలితో ఆ చుట్టుపక్కల తడిమి, ఎండిపోయిన తెల్లటి పొరను గీకి, వాసన చూశాడు.

"సార్, దీనిమీద నీళ్లు ఎవలు కొడ్తున్నరు?"

వానలు కదా అన్నాను.

"వాన గీడికి రాదు సార్. వచ్చినా గింత షాంపూ తేదు. ఎవలు కడుగుతున్నరు బండి?"

ఆఫీసులో నేను రోజూ అడిగే ప్రశ్నే అది. ఆయన కళ్లజోడు మాత్రం జార్చలేదు. ఆయనకు కళ్లజోడే లేదు. "మా వాచ్‌మన్ కడుగుతాడు," అన్నాను.

పనివాళ్లకు తెలియదులే, జర సమజ్ చెయ్యండ్రి, ఇంజిన్ మీద పైపు పెట్టొద్దని చెప్పండ్రి అని ఆయన వాచ్‌మన్ తరఫున నాతోనే మాట్లాడాడు. ఉప్పు కాగితంతో ఆ ముక్కలను రుద్ది, కొత్త కొస కట్టి, ప్లగ్గులు శుభ్రం చేసి ఇచ్చాడు. కారు దగ్గకుండా స్టార్ట్ అయింది. దీపం ఆరిపోయింది. గంట కూడా పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కూకట్‌పల్లి మార్కెట్ దగ్గర, "ఇంటికెళ్లాక వాచ్‌మన్‌తో నేను మాట్లాడతానండి. మెల్లగానే చెబుతాలెండి," అంది.

వాచ్‌మన్ వయసు అరవై దాటింది. మోకాళ్ల నొప్పికి ఆమె దగ్గరే మందులు తీసుకునేవాడు. మా కారును ముట్టుకోవడానికే భయపడేవాడు. అతను ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, చెయ్యని పనికి తప్పయిందమ్మా అనడం నాకు కళ్ల ముందు కనిపించింది. అడ్డు చెప్పడు. అలా అనేస్తాడు. కారు పక్కకు ఆపాను.

"కడిగింది నేనే," అన్నాను.

"ఎప్పుడు?"

"ఆదివారాలు."

ఆమె కొంచెంసేపు లెక్క కట్టుకుంది. ఆఫీసు పని ఉందన్న ఆదివారాలన్నీ ఆమె మొహంలో ఒక్కొక్కటే దాటిపోవడం చూశాను.

"చర్చికి రావడం ఇష్టం లేకపోతే అలా చెప్పొచ్చు కదండీ. నేనేమైనా అంటానా?" అంది. తర్వాత, "షాంపూ అంతా ఏమైపోతోందా అనుకున్నాను," అంది. అప్పుడు మొదలైంది ఆమె నవ్వు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతున్నా ఆపలేకపోయింది. నేనూ నవ్వాను గానీ, ఆమె అంత బాగా నవ్వలేకపోయాను.

సోమవారం పొద్దున ఆ పెద్దావిడ మీటింగు గది బయట కాఫీ తాగుతూ కనిపించారు. దీపం గురించి మొన్న చెప్పింది తప్పని, అది ఇంజిన్ చెడిందని చెప్పే దీపమని, దాన్ని చెడగొట్టింది నేనేనని ఆమెకు చెప్పాను. ఆమెకు అవేవీ కొత్తగా అనిపించలేదు. తనదీ జపాన్ కారేనని, అందులోనూ ఆ దీపం మూడేళ్లుగా వెలుగుతోందని, తను దానిమీద పిల్లలు ఆడుకునే ఎర్రటి స్టిక్కరు ఒకటి అంటించుకున్నానని చెప్పారు. మెకానిక్ చిరునామా అడిగారు. ఆయన్ని అంత దూరం పంపలేను కనుక, వైరు ముక్కతో ఏ రెండు పిన్నులు కలపాలో నేను కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. గీసేటప్పుడు ఒక పిన్ను తప్పు పెట్టాను. ఆమె వెళ్లిపోయాక గుర్తొచ్చి, మెట్ల మీద పరుగెత్తి, ఆమె కారెక్కేలోపు సరిదిద్దాను.