హాల్లో కెమెరా, ఆడవాళ్ళ దుప్పటి

తన దేశపు ప్రభుత్వం జనం ఫోన్ల మీద దొంగచాటుగా నిఘా పెట్టిందని ఆధారాలతో బయటపెట్టిన ఆ కళ్ళజోడు యువకుడు తెర మీద ఎక్కడ కనిపించినా నేను వదలను. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారులకు లెక్కలు చూస్తాను. ఆ విద్య సొంతంగా నేర్చుకున్నదే కాబట్టి, దేన్నయినా రెండు మూడు చోట్ల సరిచూసుకునేదాకా నమ్మను. హోటల్ గదిలో తీసిన డాక్యుమెంటరీలో అతను అతనే. తర్వాత వచ్చిన సినిమాలో ఒక నటుడు అతని వేషం వేశాడు, చివర్లో మాత్రం అసలు మనిషే కనిపిస్తాడు. టీవీ ఇంటర్వ్యూలకు పరాయి దేశం నుంచి తెర మీదికొస్తాడు. అన్నిచోట్లా మాట ఒక్కటే.

పోయిన ఎండాకాలం పులివెందులలో అక్క ఇంట్లో ఆ డాక్యుమెంటరీ పెట్టాను. అక్క దిగులుగా ఉంది. జమ్మలమడుగులో బోరు మోటార్ల షాపు నడిపే బావ, దొంగల భయంతో హాల్లో కెమెరా బిగించాడు. షాపులో కూర్చుని ఫోన్లో ఇల్లు చూడొచ్చు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడొచ్చు. ఒక మధ్యాహ్నం అక్కా, వీధిలో ఆడవాళ్ళూ శనక్కాయలు ఒలుచుకుంటూ ఎవరి అత్తనో ఆడిపోసుకుంటుంటే, గోడ మీదినుంచి బావ గొంతు "ఏమ్మా, అందరూ బాగుండారా?" అంది. ఆయన మర్యాదకే పలకరించాడు. ఆ రోజునుంచి ఒక్కరూ గడప తొక్కలేదు.

"ఇల్లు బోసిపోయిందిరా. తీసేయమంటే నవ్వుతాడు," అంది అక్క.

తెర మీద ఆ యువకుడు పాస్‌వర్డ్ కొడుతూ, ఎవరైనా చూస్తారేమోనని తల మీదుగా దుప్పటి కప్పుకున్నాడు. అక్క నిటారుగా కూర్చుంది.

"రేయ్, ఇది నిజంగా చేసినాడా, యాక్షనా?"

"నిజమేక్కా. దీంట్లో నటులు లేరు."

"అంత సదువుకున్నోడే కప్పుకుంటే మనకేం సిగ్గురా!"

మర్నాడే దుప్పటి ఉపాయం చెప్పి అందరినీ పిలిచింది. పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబులామె గుమ్మంలోనే ఆగి, "దుప్పటి ముందు బయటికి తీయక్కా, అప్పుడొస్తా," అంది. అక్క పెద్ద తెల్లదుప్పటి తెచ్చింది. కెమెరాకు చెవులు కూడా ఉన్నాయని నేను చెప్పబోతే, "గుసగుసలాడుకుంటాంలే, నువ్వు ఆ మూలకు జరుగు," అన్నారు. అందరూ దుప్పటి కింద దూరారు. నవ్వు ఆపుకోవడానికి కాసేపు కదలకుండా పడుకున్నారు.

అప్పుడు మోగింది బావ గొంతు, వణుకుతూ. "ఓయమ్మా! ఎవురు పోయినారు? ఆ తెల్లగుడ్డేంది?"

దుప్పటి మొత్తం ఎగిరెగిరి పడింది. అక్క తల బయటపెట్టి, కెమెరా వైపు చెయ్యి ఊపింది.

"పోయింది నా ముచ్చట్లు! నువ్వే సంపినావు, నువ్వే వచ్చి ఏడువు!"

"దొంగల కోసం గదమ్మే పెట్టింది..."

"దొంగోడు శనక్కాయలు ఒలిచేకి వస్తాడా అన్నా?" అంది సాయిబులామె, దుప్పటి లోపలినుంచే.

కెమెరాలోంచి పగలబడి నవ్వులు వినిపించాయి. బావ షాపుకొచ్చిన రైతులంతా విన్నట్టున్నారు. సాయంత్రం బావ బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా స్టూలెక్కి ఆ కెమెరా ఊడదీశాడు. ఇప్పుడది వాళ్ళ చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య మోటారుకు కాపలా ఉంది.

మరుసటి మధ్యాహ్నం హాలు నిండిపోయింది. డాక్యుమెంటరీ చూశాక, నటుడున్న సినిమా కూడా చూడాల్సిందేనని పట్టుబట్టారు. అయ్యాక సాయిబులామె, "అసలోని కంటే ఈయప్పే బాగుండాడు," అంది.

"నీకు ఎర్రగుంటే సాలు. ధైర్యం యాడుండాది మొగంలో?" అంది అక్క.

ఎవరూ తగ్గలేదు. రెండూ మొదటినుంచి మళ్ళీ పెట్టమన్నారు.