హుసేనమ్మ నా చెవిలో చెప్పిన మాట

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను నవ్వేదాన్ని కూడా కాదు. నవ్వడానికైనా కొంచెం ఓపిక కావాలి. నర్సుగా చేసినన్నాళ్లూ చావులు చాలా చూశాను. శవాల గదికి ఆనుకుని ఉన్న డ్యూటీ రూములో ఎన్నోసార్లు కునుకు తీశాను. ఎప్పుడూ ఎవరూ లేచి రాలేదు, ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పోయినవాళ్లు పోతారు, ఉన్నవాళ్లకు వేళకు బిళ్లలు వేయాలి. నా నమ్మకాలన్నీ అంతవరకే.

ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతి కాదు. ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అందుకే దీన్ని ఏమనాలో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వనపర్తి. వార్డు డ్యూటీలు ఇక చేయలేక ఉద్యోగం మానేశాక, పట్నంలోని ఒక పెద్దాసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్లు నడిపే పరిశోధనలో చేరాను. తలలో గడ్డలకు, దెబ్బలకు ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లినవాళ్లు ఆ తర్వాత ఎలా బతుకుతున్నారన్నది దాని విషయం. బాధ మొదట ఎప్పుడు తెలిసింది, ఎవరికి చూపించారు, జబ్బు ఫలానా అని తేలడానికి ఎంత కాలం పట్టింది, ఇప్పుడు మనిషి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా, ఇవి కనుక్కుని రావడం నా పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లు నా వంతు.

అది కష్టమైన పనేమీ కాదు, కానీ మనిషిని అరగదీసే పని. బస్సు, ఆటో, ఎండలో నడక. తీరా చేరేసరికి ఇంటికి తాళం ఉంటుంది. అందరూ కూలికి పోయి ఉంటారు. ఉన్న ఇళ్లలో కథ దాదాపు ఒకటే. తలనొప్పి వచ్చింది, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ సూదేశాడు. తగ్గలేదు, కళ్లద్దాలు మార్చారు. దిష్టి తీశారు. ఒకరోజు పొలం గట్టు మీద పడిపోయాడు. అప్పుడు పట్నం తీసుకుపోయారు.

బల్మూర్ దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్లాను. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి. ఆపరేషన్ బాగా అయిందని స్కాన్ చెబుతోంది. ఆయన గడప మీద కూర్చుని తువ్వాల అంచు పీక్కుంటున్నాడు. ఎలా ఉన్నాడని అడిగితే ఆయన భార్య, "మనిషైతే ఉన్నడు మేడం. మా ఆయన ఎటు పోయిండో తెల్వదు" అంది. ఇలాంటివి విని సాయంత్రం బస్సెక్కితే నాలో ఏమీ మిగిలేది కాదు.

ఆ రోజుల్లో నా ఒంట్లోనూ బాగుండేది కాదు. బస్సు దిగేటప్పుడు ఒక పక్కకు తూలేదాన్ని. కుడి చెవిలో సన్నగా ఈల వేసినట్టు ఒకటే మోత. రోజూ బస్సు హారన్లు వింటే రాదా అనుకున్నాను. పిలిస్తే పలకడం లేదని మా ఆయన విసుక్కునేవాడు. నలభై దాటిన ఆడదానికి ఇవన్నీ మామూలే అని సరిపెట్టుకున్నాను. తలనొప్పి ఎప్పటినుంచి అని ఊరూరా తిరిగి అడుగుతున్న నాకు, నన్ను నేను అడగాలన్న ఆలోచనే రాలేదు.

హుసేనమ్మ ఇల్లు అమరచింతలో. దూదేకుల కుటుంబం. పరుపులు, బొంతలు కుట్టేవాళ్లు. హుసేనమ్మకు అరవై దాటాయి. తలలో ఎడమవైపు గడ్డ ఉందని చాలా ఆలస్యంగా తేలింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది కానీ కుడి చేయి, కుడి కాలు పనిచేయడం మానేశాయి. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప.

"అయిపాయె."

ఆకలేసినా అయిపాయె. నొప్పి పుట్టినా అయిపాయె. నవ్వొచ్చినా, కోపం వచ్చినా అదే. మాటలను నడిపించే చోట దెబ్బ తగిలితే కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుంది. అందులో వింత ఏమీ లేదు. మా డాక్టర్లు ఇలాంటివాళ్లను చాలామందిని చూశారు. హుసేనమ్మను నేను ఆపరేషన్ తర్వాతే చూశాను. అంతకుముందు ఆమె ఎలా మాట్లాడేదో నాకు తెలియదు.

కొడుకు లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆమెకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం అంతా కోడలు షాహీన్ చేసేది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నేను వెళ్లినప్పుడల్లా అలసిపోయిన మొహంతోనే నవ్వి, ముందు కుర్చీ వేసి, తర్వాత చాయ్ పెట్టేది.

ఆ రోజు మధ్యాహ్నం. వేసవి. మంచం మీద హుసేనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను మంచం పక్కనే, నా కుడి భుజం ఆమెకు దగ్గరగా ఉండేలా కూర్చున్నాను. మాట పోయినవాళ్లకు బొమ్మలు చూపించి పేర్లు అడగాలి. దువ్వెన చూపించాను, అయిపాయె అంది. తాళంచెవి చూపించాను. ఆవును చూపించాను. అన్నిటికీ అదే మాట. పోయినసారికీ ఇప్పటికీ తేడా ఏమీ లేదు.

అంతలో పట్నం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నాతో పనిచేసే అమ్మాయి. వచ్చే వారం ఖిల్లా ఘణపూర్ వైపు ఎవరు వెళ్లాలన్న సంగతి గట్టిగా చెబుతోంది. నేను ఎప్పటిలాగే ఫోన్‌ను ఎడమ చెవికి పెట్టుకుని వింటున్నాను.

హుసేనమ్మ బాగున్న చేత్తో నా భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. బలంగానే లాగింది. నా కుడి చెవి వెనుక, ఎముక మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తర్వాత చెవి దగ్గరికి నోరు తెచ్చి మాట్లాడింది.

"నీగ్గూడ గీడనే ఉన్నది సిన్నీ. ఊకుండకు. పోయి సూపెట్టుకో."

గొంతు కొంచెం బొంగురుగా ఉంది. తొందర లేదు. మాట తడబడలేదు. ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుతున్న మనిషి ఇంకో మాట అన్నట్టు ఉంది.

"ఏందవ్వా? మళ్ల చెప్పు" అన్నాను. ఫోన్‌లో అమ్మాయి, తననే అన్నాననుకుని, చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. నేను ఫోన్ పెట్టేశాను. హుసేనమ్మ చెయ్యి తీసేసి గోడకు ఆనుకుంది. మొహంలో ఏమీ లేదు.

షాహీన్ గడపలో చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"మీ అత్త మాట్లాడింది షాహీన్."

"గదే గద మేడం. అయిపాయె అన్నది. నేను గూడ విన్న."

"అది కాదు" అని నేను విన్నది విన్నట్టు చెప్పాను. అలా చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. "సిన్నీ" అన్న మాట దగ్గర ఆమె నన్ను ఆపింది.

"సిన్నీ అన్నదా? మీకు గా పేరు ఎవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను.

"నన్ను పెండ్లయి వచ్చిన కాంచి గట్ల పిలుస్తుండె మేడం. అత్త ఒక్కతే. మా ఆయన గూడ పిలువడు."

షాహీన్ గ్లాసు కింద పెట్టి, మంచం ముందు నేల మీద కూర్చుని అత్త రెండు చేతులూ పట్టుకుంది. "అత్తా, ఒక్కపారి అను. మేడంను అన్నవంట గద. నన్ను గూడ అను. సిన్నీ అను అత్తా."

హుసేనమ్మ కోడలి వైపు చూసింది. "అయిపాయె" అంది.

షాహీన్ అడుగుతూనే ఉంది. బతిమాలింది, కసిరింది, నవ్వించబోయింది. చివరికి అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నేను నా సంచి తీసుకుని బయటికొచ్చాను.

బస్సులో కూర్చుని నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. ఎండ, ఆకలి, నిద్ర లేకపోవడం. సిన్నీ అన్న పేరు షాహీనే ఎప్పుడో మాటల్లో అని ఉంటుంది, నేను మరిచిపోయి ఉంటాను. ఇంటికి వెళ్లి మా ఆయనకు చెబితే, "నీకు పని ఎక్కువైంది. జర సెలవు పెట్టి పండుకో" అన్నాడు. అదే నిజమని నేనూ అనుకున్నాను. కానీ కుడి చెవి వెనుక ఆ అరచేతి వెచ్చదనం మాత్రం నన్ను వదల్లేదు. గద్వాలలో బస్సు కోసం నిలబడ్డా అదే, అన్నం కలుపుతున్నా అదే.

ఆ తర్వాత మీటింగుకు పట్నం వెళ్లినప్పుడు, పరిశోధన చూసే పెద్ద డాక్టర్ గారిని ఒంటరిగా కలిశాను. హుసేనమ్మ సంగతి ఎత్తలేదు. తూలుతున్నాను, చెవిలో మోత ఉంది అన్నాను. ఆయన నా కుడి చెవి దగ్గర వేళ్లు రాపాడించి, "వినపడుతోందా?" అని అడిగారు. ఎప్పుడు రాపాడిస్తారా అని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన అప్పటికే రాపాడించి, చెయ్యి దించేశారు.

వెంటనే వినికిడి పరీక్షకు పంపారు. పరీక్ష చేసిన ఆమె రెండుసార్లు చేసింది. కుడి చెవికి చప్పుడు ఏదో కొంచెం అందుతోంది కానీ మాట విడిగా తెలియడం లేదని, చాలా కాలంగా ఇలాగే ఉండి ఉంటుందని చెప్పింది. ఎడమ చెవి బాగుండడంతో నేను గమనించుకోలేదట. ఎమ్మారై తీశారు. వినికిడి నరం మీద గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, కానీ పెరిగి మెదడు అడుగున ఉండే కాండాన్ని నొక్కుతోంది. కుడి చెవి వెనుక, లోపల, సరిగ్గా ఆ చోట.

"ఎప్పటినుంచి ఉంది ఈ బాధ?" అని డాక్టర్ అడిగారు. ఎన్ని ఇళ్లలో ఎంతమందిని అడిగిన ప్రశ్న!

ఆపరేషన్ చాలాసేపు పట్టింది. బతికాను. కుడి చెవి పూర్తిగా పోయింది. మొహం ఒక పక్క కొంచెం లాగినట్టు ఉంటుంది, అటు కన్ను సరిగ్గా మూసుకోదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఇంత మాత్రం కూడా మిగిలేది కాదని డాక్టర్ గారే అన్నారు.

కుట్లు విప్పాక ఆయనకు అమరచింత సంగతి మొత్తం చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. మాట పోయినవాళ్ల నోట అరుదుగా ఒక పూర్తి వాక్యం వస్తుందని, తర్వాత మళ్లీ రాదని చెప్పారు. లేదంటే నా ఒంటికి ముందే తెలిసిన సంగతిని నా మనసు పరాయి గొంతుతో నాకు చెప్పి ఉండవచ్చన్నారు. రెండూ సబబుగానే ఉన్నాయి.

"సార్, ఎడమ చెవికి ఫోన్ ఉంది. అందులో ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడుతోంది. నేను విన్నది కుడి చెవితో" అన్నాను.

ఆయన నా స్కాన్ వైపు చూశారు. "ఆ చెవితో మీరు మాట వినలేరమ్మా" అన్నారు. సిన్నీ అన్న పేరు గురించి నేను అడగలేదు. ఆయన మాత్రం ఏం చెబుతారు?

నడక కుదుటపడ్డాక అమరచింత వెళ్లాను. పని మీద కాదు. ఆ ఊళ్లు అప్పటికి వేరేవాళ్లు చూస్తున్నారు. హుసేనమ్మ అదే మంచం మీద, అదే గోడకు ఆనుకుని ఉంది. ఇంకా చిక్కిపోయింది. నేను ఎదురుగా కూర్చుని, "అవ్వా, నువ్వు చెప్పినట్టే పోయి సూపెట్టుకున్న. తీసేసిన్రు" అని తల తిప్పి మచ్చ చూపించాను. ఆమె మచ్చను చూసింది, నన్ను చూసింది. గుర్తుపట్టినట్టు లేదు. ఆమె చెయ్యి తీసుకుని ఆ మచ్చ మీద పెట్టుకోవాలనిపించింది. ధైర్యం చాలలేదు.

షాహీన్ జావ గిన్నె తెచ్చి ఆమెకు తినిపించడం మొదలుపెట్టింది. నా మొహం చూసి అంతా అర్థం చేసుకుంది. ఏమైందో నేను చెబితే వింది. మధ్యలో ఆశ్చర్యపోలేదు. అత్త నోటి పక్కన కారిన జావను కొంగుతో తుడిచి, నా ఎడమవైపు వచ్చి కూర్చుంది. ఏ చెవి పోయిందో నేను చెప్పకపోయినా ఆమె గమనించింది.

"మేడం, ఒక మాట అడుగుత. ఏం అనుకోవద్దు" అంది. "పొద్దుందాక నేనే ఉంట ఈమె దగ్గర. ఎత్తేది నేనే, తుడిచేది నేనే. మీరేమో ఎప్పుడో ఒకపారి వస్తిరి. గా ఒక్క మాట మీకెందుకు చెప్పింది? నాకెందుకు చెప్పలే?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

చెవి సంగతి, గడ్డ సంగతి డాక్టర్లు ఏదో ఒకటి చెప్పగలరు. నేనూ ఇన్నాళ్లలో నాకు నేను చాలా చెప్పుకున్నాను. షాహీన్ అడిగినదానికి మాత్రం ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆమె జావ చల్లారిపోతోందని లేచి, మళ్లీ మంచం దగ్గరికి వెళ్లింది.