నల్లా గుంత పక్కన మూడో మడి

2007లో బదిలీ మీద సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వచ్చి, ఊరి చివర కాలనీలో ఒక ఇల్లు తీసుకున్నాం. ఇంటి ముందు జాగా ఉంది కానీ మట్టి లేదు. ఎవరో ఎప్పుడో రాళ్ళూ పెంకులూ పోసి చదును చేసిన నేల. గడ్డపార వేస్తే చేతులు జివ్వుమనేవి తప్ప గుంత పడేది కాదు. నేలలో కుదరకపోతే నేల మీదే పెంచుదామనుకున్నాను. పగిలిన బండలు ఏరి తెచ్చి మోకాలెత్తున నిలబెట్టి, నాలుగు మళ్ళు కట్టాను. అడుగున ఎండుటాకులు, కొబ్బరి పీచు, పైన చెరువు మట్టి, ఆత్మకూరు వైపు మందల దగ్గర నుంచి తెచ్చిన గొర్రె ఎరువు, మిల్లు దగ్గర దొరికిన ఊక బూడిద కొంచెం. పురుగుల మందు చుక్క కూడా తగలనివ్వకూడదని నియమం పెట్టుకున్నాను. ఆకులకు పేనుబంక పడితే వేపకషాయం, లేదంటే పుల్లటి మజ్జిగ.

మొదటి చలికాలం నాలుగు మళ్ళూ నిండుగా కాశాయి. ఎండలు ముదిరేసరికి మట్టి మీద తెల్లటి పొర కట్టింది. పాలకూర అంచులు మాడిపోయాయి. బెండ మొక్కలు జానెడు ఎత్తున ఆగిపోయాయి. తప్పు మా బోరు నీళ్ళది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలేవి. ఎత్తు మళ్ళు తొందరగా ఆరిపోతాయి, రెండు పూటలా నీళ్ళు అడుగుతాయి. పోసిన నీరు ఎండకు పోయేది, ఉప్పు మట్టిలో మిగిలేది.

మంచి నీళ్ళు లేవా అంటే ఉన్నాయి. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి గంటసేపు నల్లాలో కృష్ణ నీళ్ళు వచ్చేవి. తాగడానికీ వంటకూ సరిపోయేవి, మళ్ళకు సరిపోయేవి కావు. నేను నల్లా కోసం తవ్విన గుంతలో, పైపుకు నీళ్ళు లాగే చిన్న మోటారు బిగించాను. చప్పుడు బయటికి వినపడకుండా చుట్టూ గోనెసంచులు కుక్కి, పైన బండ వేసి, ఆ బండను ఆనుకుని ఉన్న మూడో మడిలో పుదీనా పెట్టాను. రెండు నెలల్లో పుదీనా అంచు దాటి పాకి బండను కప్పేసింది. తోట చూడవచ్చినవాళ్ళు వంగి ఆ పుదీనానే వాసన చూసేవారు.

తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నేను పనిచేసింది కాలువల ఆఫీసులో. పైవాళ్ళు కాలువకు మోటార్లు పెట్టి నీళ్ళు లాగేస్తున్నారని, తమ పొలాలదాకా చుక్క రావడం లేదని చివరి భూముల రైతులు ఇచ్చే అర్జీలు నా బల్ల మీదికే వచ్చేవి. వాటికి జవాబులు రాసింది నేను.

నా భార్యది కోదాడ. మొదటి రోజే అడిగింది.

"ఏవండీ, మనం ఇట్టా లాగేస్తే వెనకాళ్ళకి రావద్దా?"

"అరగంటే కదా," అన్నాను.

"వాళ్ళకొచ్చేదే గంటండీ."

నేను మాట మార్చాను. ఆమె మళ్ళీ అడగలేదు కానీ ఆ నీళ్ళతో పెరిగిన మొక్కల మీద చెయ్యి కూడా వేసేది కాదు. కోసేది, పంచేది అన్నీ నేనే.

మా ఇంటి తర్వాత గల్లీలో ఇంకొకటే ఇల్లు. అందులో ఒక గదిలో పెద్దమ్మ కిరాయికి ఉండేది. అరవై దాటిన మనిషి. గల్లీలో అందరికీ ఆమె పెద్దమ్మే. జొన్నరొట్టెలు చేసి బస్టాండు దగ్గర అమ్మేది. వాళ్ళ ఊళ్ళో ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగీ తాగీ మోకాళ్ళు వంగిపోయాయి, గోడ పట్టుకుని లేచేది. ఇక ఆ నీళ్ళు ముట్టవద్దని దవాఖానలో చెబితే, ఇక్కడ కృష్ణ నల్లా ఉందని విని ఊరు విడిచి వచ్చింది. ఆ ఒక్క నల్లా కోసమే వచ్చింది. ఆ నల్లాలో సన్నటి ధార, అదీ పావుగంట. తర్వాత గాలి.

"పెద్దమ్మా, నీ నల్లాకు ఏదో మొక్కు బాకీ ఉన్నట్టున్నది. ఒక కోడిని కొయ్యి," అనేవాడు గల్లీ మొదట్లో కిరాణా దుకాణపాయన.

"కోస్త బిడ్డా, దాన్ని కడగనీకె నీళ్ళు నువ్వియ్యి," అనేది ఆమె.

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. వారానికోసారి ఆమెకు తోటకూర, నాలుగు వంకాయలు ఇచ్చి వచ్చేవాణ్ణి. "సల్లగుండు సారూ" అనేది. ఆ మాట విన్న రోజు నాకు కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గు అక్కడే.

2010 ఎండాకాలం గల్లీవాళ్ళంతా కూర్చున్నారు. చివరి ఇంటికి నీళ్ళు రావడం లేదు, మున్సిపాలిటీకి అర్జీ పెడదామన్నారు. రాయడం వచ్చిన ఆఫీసు మనిషి ఎవరంటే అందరూ నా వైపు చూశారు. నేను రాశాను. "కొందరు స్వార్థపరులు మోటార్లు బిగించినందువల్ల కావచ్చును" అనే వాక్యం కూడా రాశాను. అది రాయకపోతే అనుమానం వస్తుందని రాశాను. పెద్దమ్మ నా ముందు కూర్చుని, అరిగిపోయిన బొటనవేలితో ముద్ర వేసింది.

తనిఖీకి ఏ రోజు వస్తున్నారో అర్జీ ఇచ్చినవాణ్ణి కాబట్టి నాకు ముందే చెప్పారు. ఆ పొద్దున నేను మోటారు వెయ్యలేదు.

ఇద్దరు మనుషులు వచ్చారు. మా గేటు తీసి లోపలికి వచ్చిన ఆయన మళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

"వంకాయలు గింత నిగనిగలాడుతున్నయ్, ఏం మందు కొడ్తున్నరు సారూ?"

"మందేం లేదు. వేపకషాయమే."

"మా ఇంటామె సూస్తే, గివి తేకుంటే నన్ను ఇంట్లకు రానియ్యది."

నాలుగు కోసి ఇచ్చాను. పుదీనా వైపు చూడనైనా చూడకుండా చివరి ఇంటికి వెళ్ళారు. పెద్దమ్మ నల్లా తిప్పగానే ధార బిందె అడుగుకు ఠంగుమని తగిలింది. రెండు నిమిషాల్లో బిందె నిండి పొర్లింది.

"గిట్ల దుముకుతున్నయ్ గదా అవ్వా! ఉత్తగనే పిటీసన్ వెడ్తరా?"

"ఇయ్యాలనే వచ్చినయ్ బిడ్డా, నిన్నటిదాంక..."

"మమ్ముల సూసి వచ్చినయా?"

గల్లీ అంతా గొల్లున నవ్వింది. "మా అందరి ఇజ్జత్ తీసినవ్ పెద్దమ్మా," అన్నాడు దుకాణపాయన. ఈసారి అది పరాచికం కాదు. ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. పొర్లిపోతున్న బిందె కేసి చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె నల్లా సంగతి ఎత్తితే ఎవరూ వినేవారు కాదు. నేను మళ్ళీ మోటారు వేశాను. రెండు రోజులు ఆగి వేశాను, అంతే తేడా. బెండ పూతకు వచ్చింది, ఇప్పుడు నీళ్ళు తప్పితే పూత రాలుతుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఒక పొద్దున పెద్దమ్మ గోడ పట్టుకుంటూ మా గేటు దాకా వచ్చింది. నేను తోటకూర కట్ట చేతిలో పెట్టాను.

"సారూ, ఒక ముచ్చట. కరెంటు పోయిననాడు మా నల్లా మంచిగొస్తున్నది. కరెంటుంటే వస్తలేదు. గిది ఏం ఇచ్చంత్రమో సదువుకున్నోనివి నువ్వే సెప్పాలె."

నల్లా వేళకు కరెంటు కోతలు పడుతున్న రోజులవి. "పైపుల్లో గాలి ఉంటది పెద్దమ్మా," అన్నాను.

"గాలి," అంది. తోటకూర కట్టను మా గోడ మీద పెట్టి, మళ్ళీ గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసింది. ట్రాలీ ఆటోలో ఒక మంచం, పొయ్యి, రొట్టెల పెనం, మూడు బిందెలు. నేను ఆఫీసుకు తొందరగా వెళ్ళిపోయి ఆ దృశ్యం తప్పించుకున్నాను. సాయంత్రం వచ్చి పుదీనా పీకి, బండ లేపి, మోటారు విప్పేశాను. నా భార్య వరండాలో నిలబడి చూసింది. "ఇప్పుడా?" అని ఒక్క మాటే అంది.

ఉప్పు నీళ్ళకు మూడు మళ్ళు ఎండిపోయాయి. వాన నీళ్ళు పట్టి, వంటింటి నీళ్ళు పోసి ఒక్క మడి నిలుపుకున్నాను. తోట ఏమైందని గల్లీవాళ్ళు అడిగితే నడుము నొప్పి అని చెప్పాను. అదీ అబద్ధమే.

రెండేళ్ళ తర్వాత మా వాళ్ళ ఇంటికి వెళ్తూ సూర్యాపేట బస్టాండు బయట ఆమెను చూశాను. అదే పెనం, అవే రొట్టెలు. చెల్లెలి ఇంట్లో ఉంటోందట. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. మోటారు సంగతి, తనిఖీ రోజు సంగతి, అన్నీ. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"నాకెర్కనే గద సారూ."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎవలికి జెప్పాలె? పిటీసన్ రాసినోనివి నువ్వాయె." రొట్టె తిప్పింది. "తీసేసినవా?"

"నువ్వు పోయిననాడే తీసేసిన."

"మంచిగైంది. గల్లీలోళ్ళకు జెప్పినవా?"

"లేదు."

"గాడ ఇంకా నన్ను అబద్ధాలదనే అనుకుంటున్నరు గద," అంది. కోపంగా కాదు. తర్వాత వచ్చినవాళ్ళకు రొట్టెలు కట్టి ఇవ్వడంలో పడిపోయింది.

ఆ ఆదివారమే గల్లీ మొదట్లో దుకాణపాయన ఇంటికి వెళ్ళాను. చెప్పాల్సిన మాటలు గల్లీ పొడుగునా కూడబలుక్కున్నాను. ఆయన ఎదురొచ్చి, "రా సారూ, శాన రోజులకు మా ఇంట్లకొచ్చినవ్" అంటూ కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. మాటల్లో తనే పెద్దమ్మ ఊసెత్తి, "గా ముసలామె ఉన్నన్నాళ్ళు గల్లీల ఒకటే లొల్లి" అని నవ్వాడు. వాళ్ళ పెరటి గోడ మీద చిక్కుడు తీగ కనిపించింది. మా చిక్కుడుకు పేను పట్టింది, మీదానికీ పట్టిందా అని అడిగి, చాయ్ తాగి వచ్చేశాను.